కడ్డీలు సాపుచేసిన చెయ్యి

మామయ్య పోయాడన్న ఫోను వచ్చేసరికి నేను ఆసుపత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉన్నాను. మామయ్య కొడుకు గొంతు వణక్కుండా మామూలుగా ఉంది. నాకు భయం వేసింది అందుకే. "వదినా, పాపా నహీ రహే," అన్నాడు. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి జారబడి అలాగే ఉండిపోయాడట. గుండె ఆగిపోయింది. ఆటో పిలిచేలోపే అంతా అయిపోయింది.

నేను బిర్సానగర్ చేరేసరికి ఆయన్ని ముందుగదిలో చాప మీద పడుకోబెట్టారు. పక్కింటి పెద్దాయన ఒకరు చేతులు రెండూ ఛాతీ మీద కలపాలని చూస్తున్నారు. ఎడమ చెయ్యి చెప్పినట్టు విన్నది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ మాత్రం అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. శరీరం ఇంకా చల్లబడలేదు కదా, వేళ్ళెందుకు రావని ఆయన ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. "లాగకండి!" అని అరిచాను. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఏడుపు ఆపి నావైపు చూశారు. పోయినవాడికి నొప్పేమిటని వాళ్ళ అనుమానం. నాకు తెలీదా ఆ సంగతి! కానీ ఆ వేళ్ళని బతికుండగా లాగింది చాలు.

నాకు కోపం ఎక్కువని మా వాళ్ళలో పేరు. ఆ పేరు పెట్టింది మామయ్యే. ఇప్పుడిలా ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నానని తెలిస్తే "ఏటే కోడలా, నన్నేటి ఎలచ్చన్లలో నిలబెడతన్నావేటి?" అని వెక్కిరించేవాడు. పొగడ్డానికి కాదు లెండి. ఆయన చేతి గురించి చెప్పాలి. ఈ ఊళ్ళో, మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, అలాంటి చేతులు ఇంకా ఉన్నాయని నా భయం.

ఆయన మా అమ్మ తమ్ముడు. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికని ఈ హిందీ ఊరికి వచ్చాడు. మామయ్య ఇక్కడే పుట్టాడు, ఇక్కడే కడ్డీల షెడ్డులో చేరి అక్కడే రిటైరయ్యాడు. మిల్లు నుంచి వంకరగా వచ్చిన కడ్డీల్ని ప్రెస్సు కింద పెట్టి సాపు చెయ్యడం ఆయన పని. ఒక కన్ను మూసి, కడ్డీ చివర నుంచి చూసి, ఎక్కడ వంగిందో వేలితో చూపించేవాడు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. అగ్రికో బజారులో ములక్కాడలు కొన్నా కన్ను మూసి చూసి ఏరేవాడు. కూరల మనిషి "తెలుగు బాబూ, దీన్ని తింటావా, రైలు పట్టాల్లో వేస్తావా?" అని నవ్వేవాడు. నా పెళ్ళిలో పీటల మీద కూర్చోబోతుంటే "పాపిడి వొంకరపోనాదే" అని ఆపి, అత్త చేత మళ్ళీ దువ్వించాడు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు గోల పెడుతున్నా వినలేదు.

షెడ్డులో కొత్తవాళ్ళకి ఆయన నేర్పిన మాట ఒకటుంది. నేను చిన్నప్పటి నుంచి విన్నాను. "ఇనుముని సాపు సెయ్యాలంటే సాపుకి అవతలదాకా వొంచాల. అప్పుడు అది ఎనక్కొచ్చి సాపుగా నిలబడతాది. సాపుదాకే వొంచి ఒగ్గేసేవనుకో, మళ్ళీ వొంకరే." ఇనుముకి అది నిజమే. ఆయన సాపు చేసిన కడ్డీ మళ్ళీ వెనక్కి రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా వాళ్ళలో అరచేతిలో గట్టిగా గడ్డ తగిలితే ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. కాయ కాసిందంటారు. అది పని చేసినవాడి గుర్తు. డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్ళు గుమ్మాల ముందు కూర్చుని ఒకరి అరచేయి ఒకరు నొక్కి చూసుకోవడం నేను చూస్తూ పెరిగాను. ఎవరి కాయ పెద్దదైతే వాడు మొనగాడు. మామయ్య కుడిచేతిలో, ఉంగరపు వేలి మొదట్లో, బఠాణీ గింజంత గడ్డ మొదట కనిపించినప్పుడు ఆయన దాన్ని అందరికీ చూపించాడు. అత్త కొబ్బరినూనె వేడిచేసి రాసింది. ఎవరికీ ఏ భయమూ కలగలేదు.

తాతయ్య చెయ్యి నాకు బాగా గుర్తు. ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళూ మూసుకుపోయి ఉండేవి. అన్నం మూడు వేళ్ళతోనే కలుపుకునేవాడు. బొగ్గు పార పట్టీ పట్టీ అలా బిగుసుకుపోయిందని అందరూ అనేవారు. మా అమ్మకి అరికాలి నడుమ గడ్డలుండేవి. చెప్పులు వేసుకుంటే గులకరాయి మీద నిలబడ్డట్టు ఉందని గొణిగేది. ఆమె ఏ పారా పట్టలేదు. చేతి సంగతీ కాలి సంగతీ ఒకటేనని ఎవరికీ తోచలేదు. వైద్య కళాశాలలో ఒకరోజు పాఠం వింటుంటే తెర మీద ఒక చెయ్యి బొమ్మ వచ్చింది. అది తాతయ్య చెయ్యి! ఆ పక్కనే ఒక అరికాలు బొమ్మ వేశారు, అది అమ్మది. మేష్టారు ఇంకేదో చెబుతున్నారు గానీ నాకు వినపడలేదు. ఆ ఆదివారమే మామయ్య ఇంటికి వెళ్ళి ఆయన అరచేయి చేతిలోకి తీసుకుని నొక్కాను. గడ్డ నుంచి వేలి దాకా చర్మం కింద ఒక తాడు తయారవుతోంది.

"ఇది కాయ కాదు మామయ్యా, జబ్బు. తాతయ్యదీ ఇదే," అన్నాను. దానికో ఫ్రెంచి పేరుంది. ఆ పేరు చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు.

"మా అయ్యకీ ఫ్రెంచోడికీ ఏటే సమ్మందం?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. ఆయన బొటనవేలి మీద పాత గాయపు మచ్చ ఉంది, ఎప్పుడో కడ్డీ కోసుకున్నది. అది ఎలా మానిందని అడిగాను. మందేస్తే మానిందన్నాడు. మందు కాదు, ఒళ్ళే మాన్పుకుంది. చర్మం తెగగానే ఒంట్లో కొన్ని పదార్థాలు పుట్టుకొస్తాయి. వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లంటారు. అవి చుట్టుపక్కల కణాలకి కబురు పెడతాయి: రండి, పెరగండి, పీచు అల్లండి, గాయం అంచులు దగ్గరికి లాగండి అని. కణాలు వస్తాయి, అల్లుతాయి, లాగుతాయి. గాయం మూసుకున్నాక కబురు ఆగిపోతుంది, వచ్చిన కణాలు పోతాయి.

"పెరగడానికా? నానేటి ఎదిగే గుంటడినేటే?" అన్నాడు.

"నువ్వు కాదు, నీ చేతిలో పీచు పెరుగుతోంది. అక్కడ గాయమే లేదు. కానీ కబురు మాత్రం వెళుతూనే ఉంది. ఆ కణాలకి కండలాగా బిగుసుకునే గుణం వస్తుంది. అవి లాగుతాయి. లాగిన బిగువుకి ఇంకా కబురు పుడుతుంది. మళ్ళీ కణాలొస్తాయి."

మామయ్య నవ్వడం ఆపాడు. అరచేతిని కిటికీ వెలుగులో పెట్టి, అలవాటు ప్రకారం ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

"కబురెట్టేవోడెవుడు మరి? ఆణ్ణి ఆపు."

వాణ్ణి ఆపే సరైన మందు ఇవాళ్టికీ లేదు. ఆ కబురు పెట్టేవాటిలో ముఖ్యమైనది టీజీఎఫ్ బీటా అని కనిపెట్టారు. దాన్ని పూర్తిగా ఆపేద్దామంటే, ఒంట్లో మిగతా గాయాలు మానడానికి కూడా అదే కావాలి. మొదట్లో మొదలుపెట్టించేది ఏమిటో ఒక్కమాటలో చెప్పలేం. షుగరు ఉన్నవాళ్ళకి ఎక్కువ. ఏళ్ళ తరబడి అదిరే పనిముట్లు పట్టినవాళ్ళకీ ఎక్కువే. అన్నిటికన్నా ఎక్కువగా రక్తంలో వస్తుందని చెప్పాను. ఆ మాట అన్నాక అనవసరంగా అన్నాననుకున్నాను. ఎందుకంటే ఆయన వెంటనే గుమ్మం బయట బండి తుడుచుకుంటున్న కొడుకు వైపు చూశాడు.

"ఆడికొత్తాదా?"

"రావచ్చు, రాకపోవచ్చు."

"వత్తే?"

"చిన్న వయసులో మొదలైతే వేగంగా నడుస్తుంది మామయ్యా. రెండు చేతులకీ, కాళ్ళకీ రావచ్చు."

వాడు క్రేను నడుపుతాడు, గోవింద్‌పూర్ వైపు ఒక షెడ్డులో. తల మీద టన్నుల బరువు వేలాడుతుంటే కింద మనుషులు నడుస్తుంటారు. పైన క్యాబిన్‌లో వీడి రెండు అరచేతులూ లీవర్ల మీద ఉంటాయి. ఆ ఇల్లు ఆ చేతుల మీదే నడుస్తోంది. ఆ రోజు భోజనం దగ్గర నాకు వడ్డిస్తూ మామయ్య అన్నాడు: "నాది పోతే పోనీ. ఎప్పుడొచ్చినా ఆడి సేతులు సూడు. మాటియ్యి." ఇచ్చాను.

అప్పటి నుంచి ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా కాళ్ళు కడుక్కోకముందే మొదటి పని అదే. వాడు విసుక్కునేవాడు. "క్యా వదినా, ఫిర్ సే?" అంటూనే చేతులు చాపేవాడు. నేను నొక్కి చూసేదాన్ని. మామయ్య తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తుండేవాడు. ఏమీ లేదంటే అప్పుడు కుర్చీలో కూర్చునేవాడు. ఆ 'ఏమీ లేదు' అనే రెండు ముక్కల కోసం ఆయన ఎంత ఎదురుచూసేవాడో నాకు తెలుసు.

ఈలోగా ఆయన వేలు వంగడం మొదలైంది. ముందు జేబులో చెయ్యి పెట్టడానికి ఇబ్బంది, తర్వాత మొహం కడుక్కుంటే వేలు కంట్లో పొడుచుకునేది. ఆపరేషనుకి చూపించుకోమని నేను పోరుతూనే ఉన్నాను. సరే సరే అనేవాడు. ఒకరోజు చెప్పకుండా వెళ్ళాను. వెనక వరండాలో బల్ల మీద ఆయన చెయ్యి, దాని మీద ఒక చెక్కపలక, పలక మీద స్క్రూ తిప్పే క్లాంపు. గుడ్డ చుట్టి మరీ బిగించుకున్నాడు.

"రోజూ టీ తాగినాక అదే పని," అని అత్త కళ్ళొత్తుకుంది. "ఒద్దంటే ఇనడే అమ్మా. నొప్పెడితే పళ్ళు బిగించుకుంటాడు."

నేను మండిపడ్డాను. "ఏమిటీ పని? అది ఇనుమా?"

"వొంగిన కడ్డీలు ఎన్ని సాపు సేసినాను! ఏలు సెయ్యలేనేటే? సాపుకి అవతలదాకా తీసుకెల్తే అదే నిలబడతాది."

"లాగేకొద్దీ అక్కడ బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే కబురు పెరుగుతుందని చెప్పానా లేదా?"

"సెప్పినావు. సూడు మరి." క్లాంపు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టాడు. నిజంగానే వేలు కాస్త సాపుగా ఉంది! ఆయన మొహం వెలిగిపోయింది. షెడ్డులో పాత స్నేహితులకి కూడా చూపించుకున్నాడట. ఇద్దరు ముగ్గురు తమకీ అలాంటి క్లాంపు చేసిపెట్టమన్నారు. అంటే ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయన్నమాట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు బజారులో, పెళ్ళిళ్ళలో మనుషుల మొహాలకన్నా ముందు చేతులు కనబడుతున్నాయి.

వర్షాలు తగ్గేసరికి వేలు ఉన్నచోటికన్నా లోపలికి వెళ్ళిపోయింది. చిటికెన వేలు కూడా దాని వెంట బయల్దేరింది. మడతలో చర్మం చిట్లి రసి కారింది. క్లాంపు వల్లే ఇంతయిందని నేను ఒట్టేసి చెప్పలేను. అది లేకపోయినా మూసుకునేదేమో. కానీ అంత తొందరగా మూసుకున్న చేతిని నేను మళ్ళీ చూడలేదు. మామయ్య క్లాంపు విప్పేసి గూట్లో పడేశాడు. "ఇనుము మాటింటాది గానీ ఇదేటే, లాగితే పగబడతాది," అన్నాడు. నవ్వలేదు.

చివరికి ఆపరేషనుకి ఒప్పుకున్నాడు. అరచేతిలోంచి తీసిన ముక్క పరీక్షకి మా లాబ్‌కే వచ్చింది. వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. నేనే చూశాను. లెన్సు కింద గులాబీ రంగు పీచు, దాని మధ్య కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుంపులు గుంపులుగా ఉన్నాయి. అది క్యాన్సరు కాదు, ప్రాణం తీసేది కాదు. అయినా స్లైడు మళ్ళీ మొదట్నుంచి చూశాను. ఆ ముక్కలో ఎక్కడా గాయం ఆనవాలు లేదు. ఆ కణాలకి గాయం ఉందని ఎవరో చెప్పారు. అవి నమ్మి, పగలూ రాత్రీ తేడా లేకుండా, లేని గాయాన్ని మూస్తున్నాయి. నేను పుట్టకముందు తాతయ్య చేతిలో మొదలైన పనే ఇది. ఆపమని చెప్పేవాళ్ళు లేరు.

కట్లు విప్పిన రోజు మామయ్య అరచేయి మొత్తం చాచి నా నెత్తిమీద పెట్టాడు. "సల్లగా ఉండు," అన్నాడు. ఐదు వేళ్ళూ తగిలాయి. అత్త ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. ఆ సంబరం ఎక్కువకాలం ఉండదని నాకు తెలుసు. ఇలాంటివి చాలామందిలో మళ్ళీ వస్తాయి. ఆపరేషను కూడా ఒక గాయమే కదా, కబురు దానికీ వెళుతుంది. ఆయనకి ఆ సంగతి చెప్పానా? చెప్పాను. "తెలుసులేయే. ఈ నాలుగు దినాలైనా మనిషిలాగ దండమెట్టుకోనీ," అన్నాడు. ఆ శీతాకాలం రెండు చేతులూ చక్కగా జోడించి ఎదురైన ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టాడు. గేటు దగ్గర పాలవాడికి కూడా పెట్టాడు.

తర్వాత అదే దారి. మచ్చ పక్కనే కొత్త తాడు వచ్చింది. అరికాలిలో అమ్మకున్నట్టే గడ్డలు. వేళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళాయి. రెండోసారి కోయించుకోనన్నాడు. నేను కూడా బలవంతపెట్టలేదు. మూడు వేళ్ళతో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు. అచ్చం తాతయ్యలాగే కంచాన్ని కాస్త ఎడమకి జరుపుకునేవాడు. ఆయన తినేటప్పుడు నేను వేరేవైపు చూసేదాన్ని.

కొడుకు ఈమధ్య చేతికి దొరకడం మానేశాడు. నేను వెళ్ళేసరికి గ్లవ్స్ వేసుకుని ఉంటాడు, లేదా "డ్యూటీ కా టైమ్ హో గయా వదినా" అంటూ బండి ఎక్కేస్తాడు. విసుగనుకున్నాను. ముప్పై దాటిన మగవాణ్ణి పట్టుకుని చెయ్యి చూపించమంటే ఎవరికి విసుగు రాదు? చివరిసారి వెళ్ళినప్పుడు మామయ్య అడిగాడు, "ఆడి సేతులు సూసినావేటే?" అని. వాడు గుమ్మంలోంచే "దేఖ్ లియా పాపా, సబ్ ఠీక్ హై!" అని, నేను చూసేసినట్టు కేకేశాడు. మామయ్య నా మొహం చూశాడు. అంతకుముందు చూసినప్పుడు నిజంగానే ఏమీ లేదు, అదే చెప్పాను. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "అయితే నాతో పోనాది," అన్నాడు. అంత తేలిగ్గా ఉన్న ఆయన మొహం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆ తర్వాత వారమే ఫోను వచ్చింది.

కర్మ రోజు సువర్ణరేఖ ఒడ్డుకి వెళ్ళాం. నీళ్ళు తక్కువగా, మట్టిరంగులో ఉన్నాయి. అవతల చిమ్నీల పొగ నది మీదకి వాలుతోంది. గుండు చేయించుకుని, తడిపంచతో వాడు దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాడు. పంతులుగారు చెంబు పట్టుకున్నారు. నేను అత్తని పట్టుకుని ఒక్క అడుగు వెనక నిలబడ్డాను.

"కుడిచెయ్యి పూర్తిగా చాపు బాబూ," అన్నారు పంతులుగారు.

వాడు కదల్లేదు. ఆయన మళ్ళీ చెప్పారు. అప్పుడు, తండ్రికి నీళ్ళు వదలక తప్పదు కాబట్టి, నెమ్మదిగా వేళ్ళు విప్పాడు. వేళ్ళు తిన్నగానే విచ్చుకున్నాయి. పంతులుగారు నువ్వులు వేసి నీళ్ళు పోశారు. నీళ్ళు బొటనవేలి పక్క నుంచి జారిపోయాయి, కాసిన్ని తప్ప. ఉంగరపు వేలి మొదట్లో అరచేయి చిన్నగా సొట్టపోయి ఉంది. అక్కడ చర్మాన్ని లోపల్నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. చాలామందిలో ఈ జబ్బు మొదటి గుర్తు ఆ సొట్టే.

వాడు తల తిప్పి నన్ను చూశాడు. నేను చూశానని వాడికి అర్థమైంది. పుట్టి బుద్ధెరిగాక నాతో హిందీ తప్ప మాట్లాడనివాడు తెలుగులో, అత్తకి వినపడకుండా అన్నాడు:

"నాన్నకి తెలీనివ్వనేదు వదినా."

"ఇంకోసారి," అని పంతులుగారు మళ్ళీ పోశారు. "చెయ్యి వాల్చు బాబూ, నువ్వులు కూడా వెళ్ళాలి."

వాడు వాల్చాడు. నీళ్ళన్నీ వెళ్ళిపోయాయి. ఒక్క నువ్వుగింజ ఆ సొట్టలో ఆగిపోయింది, ఎంత వాల్చినా కదల్లేదు.